లోవమ్మగారి పబ్లిక్ టాక్

మా మామ్మ మీద నాకున్న ఫిర్యాదులన్నీ రాయాలంటే రెండు నోటుపుస్తకాలు కావాలి. అందుకని ఒక్కదానితో సరిపెడతాను. ఆవిడకి దెయ్యాల సినిమాలంటే ప్రాణం. నాకు ప్రాణభయం. అయినా తోడు నేనే వెళ్లాలి. ఆవిడ చూడాలి, నేను భయపడాలి. మా ఇంట్లో పని అలా పంచారు.

సినిమా చూసొచ్చి మామ్మ అరుగు మీద కూర్చుంటే వీధిలో ఆడవాళ్లందరూ చేరేవారు. "లోవమ్మగారూ, వెళ్లొచ్చాండి?" అని అడిగేవారు. ఆవిడ వెళ్లమంటే వెళ్లేవారు, వద్దంటే మానేసేవారు. పేపర్లో రాసిన రివ్యూని మా వీధిలో ఎవరూ లెక్కచేసిన పాపాన పోలేదు.

'పాడుమేడ' ఏడో భాగం 2003 వానాకాలంలో పెద్దాపురం వచ్చింది. ఇంగ్లీషు సినిమాకి తెలుగు డబ్బింగ్. అందులో దెయ్యం పేరు మార్తా. తెల్లగౌను వేసుకుని చక్కని తెలుగులో తిడుతుంది. ఆరు భాగాలూ చూసిన మామ్మ దాని గురించి అత్తారింట్లో ఉన్న కూతురి గురించి చెప్పినట్టు చెప్పేది. "నాలుగో భాగంలో బాగా చిక్కిపోయిందే పాపం!"

విడుదలైన శుక్రవారమే మ్యాట్నీకి వెళ్లాం. ఆవిడ పక్కన కూర్చుని, అలవాటు ప్రకారం రెండున్నర గంటలూ కళ్లు మూసుకున్నాను.

బయటికొచ్చేసరికి వాన. గొడుగు విప్పబోతే దాని ఊచ దేనికో టక్కున తగిలింది.

"మేడం, కెమెరా! కెమెరా!"

చూస్తే భుజాన కెమెరా, చేతిలో మైకు, నుదుటి మీద వానచినుకులతో ఒకతను. మరిడమ్మ జాతరని లైవ్‌లో చూపించిన కేబుల్ అబ్బాయి.

"కెమెరాకి కన్నుంటుందిగా, చూసుకోదాండి?" అన్నాను.

అతను కోప్పడలేదు. నవ్వి, మైకు నా ముందు పెట్టాడు. "పబ్లిక్ టాక్ అండి. సినిమా ఎలా ఉంది?"

"చీకటిగా ఉందండి."

"భయమేసిందా?"

"తెలీదండి. కళ్లు మూసుకున్నాను."

అతని నవ్వుకి కెమెరా ఊగింది. ఈలోగా మామ్మ మైకు లాక్కుంది.

"మూడో భాగం చాలా బాగుంది బాబూ. నాలుగు రోజులు నిద్ర పట్టలేదంటే నమ్ము! ఇదీ ఉంది, ఎందుకూ? దెయ్యమన్నాక ఓ కారణం ఉండొద్దూ? ఊరికే తలుపులు బాదుతుంది. ఎందుకు బాదుతోందో దానికే తెలీదు. ఈ వానలో తడుచుకుంటూ ఎవరూ రానక్కర్లేదు."

ఆరింటికి అరుగు మీద కూడా అదే చెప్పింది. ఎదురింటి పాపాయిగారు ఆదివారం వెళ్దామనుకున్నవారు కాస్తా మానుకున్నారు.

ఏడింటికి కేబుల్లో 'పబ్లిక్ టాక్' వచ్చింది. తెర నిండా మామ్మ.

"చాలా బాగుంది బాబూ. నాలుగు రోజులు నిద్ర పట్టలేదంటే నమ్ము!"

అంతే. తరవాత ఇంకెవరో వచ్చేశారు. ఆరోజే విడుదలైన సినిమాకి ఆవిడ నాలుగు రోజుల నిద్ర ఎలా పోయిందో ఊళ్లో ఎవరికీ అనుమానం రాలేదు.

పాపాయిగారికి వేరే అనుమానం వచ్చింది. మర్నాడు గుమ్మంలో నిలబడి, "ఏంటండి లోవమ్మగారూ, అరుగు మీద ఒకటీ, టీవీలో ఒకటీనా? హాలువాళ్లు పాసులేమైనా ఇచ్చారేంటి?" అని నవ్వుతూనే అన్నారు.

మామ్మ నవ్వలేదు. ఆ సాయంత్రం అరుగు మీదకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వీధి తలుపు దగ్గరగా వేయించింది. ఆవిడ నోరు మూసుకుంటే ఇల్లు ఇంత భయంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

సోమవారం కేబుల్ ఆఫీసుకి వెళ్లాను. అతను వైర్ల మధ్య కూర్చుని ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు టైపు చేస్తున్నాడు.

"మీ పేరేంటండి?"

"తాతాజీ అండి."

"పేరుకి తగ్గ పనులు చెయ్యండి మరి. పెద్దావిడ మాట కత్తిరించడమేంటి?"

అతను లేచి నిలబడ్డాడు. "తప్పేనండి. బాలేదన్న ముక్క వేస్తే మళ్లీ హాలు దగ్గరికి రానివ్వరు. హాలు ఓనరు జీవరాజుగారు మాకు పెద్ద ప్రకటనదారు. మొత్తం వేస్తే నా ఉద్యోగం ఉండదు."

"మీ ఉద్యోగానికి మా మామ్మ పరువు పెట్టుబడా?"

అతను ఒక టేపు తీసి పెట్టాడు. మామ్మ మాట్లాడిందంతా ఉంది, అక్షరం పోకుండా. దాని ముందు నేనున్నాను. చీకటిగా ఉందండి.

"చెరిపెయ్యలేదేం?"

"మామ్మగారిది తప్పు చేశానని చెరపలేదండి." టేపు ఆపి, మానిటర్ని తుడవక్కర్లేకపోయినా తుడిచాడు. "మీది... రోజుకోసారి చూస్తున్నానండి."

తిట్టడానికి వెళ్లినదాన్ని. తిట్లు సగం మిగుల్చుకుని వచ్చేశాను.

మర్నాడే క్షమాపణ చెప్పుకోవడానికి ఇంటికొచ్చాడు. మామ్మ గోడ వైపు తిరిగింది.

"హారతీ, ఆ అబ్బాయికి కాఫీ ఇవ్వు. నేను మాట్లాడనని చెప్పు."

"మామ్మగారూ, నేనే..."

"పంచదార చాలిందో లేదో కనుక్కో. మాట్లాడనని మళ్లీ చెప్పు."

తరవాత రెండు వారాలు మా కేబుల్‌కి ఎన్ని రోగాలొచ్చాయో! సిగ్నల్ రావడం లేదని ఒకసారి, మరీ ఎక్కువొస్తోందని ఒకసారి వచ్చి చూశాడు. కనెక్షన్ వెనక గదిలో ఉంటే అతని చూపు వంటింటి గుమ్మం దగ్గరుండేది. "వైరు ఇటుందండి" అని నేను చూపించేదాన్ని. "ఆయ్, తెలుసండి" అనేవాడు.

ఒకరోజు వాళ్లమ్మగారిని సామర్లకోట నుంచి తీసుకొచ్చాడు. తెలిసినవాళ్లే, మావాళ్లే. ఆవిడ మా నాన్న చంద్రరావుగారిని పిల్లనిమ్మని నేరుగా అడిగారు. నాన్న ఫ్యాను వైపు చూశారు. మామ్మ చెప్పకుండా మా ఇంట్లో ఫ్యాను కూడా తిరగదు.

"నా మాట కత్తిరించినవాడికి పిల్లనివ్వను" అంది మామ్మ. "ఇవాళ నాది. రేపు దీనిది కత్తిరిస్తాడు. అప్పుడిది ఏ కేబుల్ ఆఫీసుకి వెళ్లి అడుగుతుంది?"

 తాతాజీ తల వంచుకుని వాళ్లమ్మగారికి చెప్పులు అందించాడు. వెళ్తూ నాతో ఒక్కమాటన్నాడు.

"రేపు ఏడింటికి టీవీ పెట్టండి."

పెట్టాం. మామ్మ మొత్తం వచ్చింది. మూడో భాగం, నాలుగు రోజుల నిద్ర, కారణం లేని దెయ్యం, ఎవరూ రానక్కర్లేదు. అన్నీ వచ్చాయి. ఆ తరవాత, ఎప్పుడూ కెమెరా వెనకుండేవాడు ముందుకొచ్చాడు. 

"ఆరోజు ఈ మాటలు కత్తిరించింది నేనండి. లోవమ్మగారు రెండు రకాలుగా మాట్లాడలేదు."

పావుగంటలో పాపాయిగారు పరుగెత్తుకొచ్చి మామ్మ చెయ్యి పట్టుకున్నారు. మామ్మ అరుగు మీదకొచ్చి, కాళ్లు చాపుకుని, మునుపటిలా కూర్చుంది. వెలిగిపోతోంది.

పొద్దున్నే జీవరాజుగారొచ్చారు. కోపంలో కూడా ఆ మనిషి మర్యాద తప్పలేదు.

"అమ్మా, బాలేదనండి, పడతాను. మీ ఇష్టం. కానీ కారణం లేదన్నారు చూడండి, అది అన్యాయమండి! సెకండాఫ్ అంతా కారణమేగా? అప్పటికది చిన్నపిల్ల, గదిలో ఉండిపోయింది, ఇల్లు అంటుకుంది. తల్లిని లేపడానికి తలుపులు బాది బాది పోయింది కదండీ ఆ మార్తా! చూసినవాళ్లు ఏడుస్తున్నారండి."

మామ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"ఆ కుర్రాణ్ణి తీసేయమని వాళ్ల ఓనరుకి చెప్పేశాను. ఇవాళే ఆఖరి రోజు. వస్తానమ్మా."

ఆయన వెళ్లాక మెల్లగా అడిగాను. "మామ్మా, సెకండాఫ్‌లో పిల్ల ఉందా?"

"నువ్వూ వచ్చావుగా. నువ్వు చెప్పు."

"నేను కళ్లు మూసుకున్నాను."

"హాల్లో ఏసీ పెట్టారే కొత్తగా" అంది మామ్మ. ఎటో చూస్తోంది. "ఆరోజు పొద్దున పనసపొట్టు కూర కూడా తిన్నాను."

అప్పటికి నాకర్థమైంది. రెండో సగమంతా ఇద్దరం పక్కపక్కనే కళ్లు మూసుకున్నాం. ఒకరి సంగతి ఒకరికి తెలీదు.

"ఎవరికీ చెప్పకులే" అనలేదు మామ్మ. ఎవరూ అడగరు కూడా. నిన్ననే పరువు తిరిగొచ్చింది. వీధంతా మళ్లీ ఆవిడ మాట వింటోంది. ఊరుకుంటే సరిపోతుంది. పోయేది ఆ అబ్బాయి ఉద్యోగమొక్కటే.

మామ్మ లేచి పట్టుచీర కట్టుకుంది. "మ్యాట్నీకి పద. ఈసారి నువ్వూ కళ్లు తెరువు. ఒకవేళ నాకు కునుకు పడితే గిల్లు."

గిల్లక్కర్లేకపోయింది. మార్తా తలుపు బాదుతున్నప్పుడు ఆవిడే నా చెయ్యి గిల్లేసింది. "లేవండర్రా, ఎవరైనా లేవండి!" అని తెర వైపు చూస్తూ ఏడ్చింది. జీవితంలో మొదటిసారి దెయ్యాన్ని కళ్లారా చూశాను. భయం వెయ్యలేదు. దగ్గరికెళ్లి మంచినీళ్లివ్వాలనిపించింది.

బయట వాన. గేటు లోపల జీవరాజుగారు, మామ్మ రెండోసారి వెళ్లిందని తెలిసి వచ్చిన పాపాయిగారు, ఆదివారానికి టిక్కెట్లు కనుక్కుంటున్న జనం. గేటు అవతల టీ కొట్టు చూరు కింద తాతాజీ. ఆఖరి రోజు కదా, ప్లాస్టిక్ కవరు చుట్టిన కెమెరాని భుజాన వేసుకుని ఆఫీసులో అప్పగించడానికి వెళ్తూ వానకి ఆగిపోయినట్టున్నాడు. నన్ను చూసి తల తిప్పుకోబోయాడు. తిప్పుకోలేకపోయాడు.

"అబ్బాయ్! ఇలా రా" అంది మామ్మ.

"నన్ను లోపలికి రానివ్వరండి మామ్మగారూ."

"అయితే నేనే వస్తాను." పట్టుచీరతో వానలోకి నడిచింది. నేను గొడుగు పట్టుకుని పరుగెత్తాను. "కవరు తియ్యి. తీసి మైకు ఇటివ్వు. ఏవండీ జీవరాజుగారూ, మీరూ రండి. పాపాయ్, నువ్వూ రావే."

తాతాజీ కెమెరా ఎత్తాడు. దాని మీద వాన పడకుండా నేను గొడుగు అటు జరిపాను. అతని భుజం నా భుజానికి తగిలింది. ఇద్దరం కదల్లేదు.

మామ్మ గొంతు సవరించుకుంది. అరుగు మీద తీర్పు చెప్పేటప్పుడు ఉండే గొంతు కాదది.

"నా పేరు లోవమ్మ. ఈ సినిమా బాలేదని చెప్పింది నేనే. సగం సినిమా నిద్రపోయి చెప్పాను. ఇవాళ చూశాను, బంగారంలా ఉంది. ఈ అబ్బాయినీ అలాగే సగమే చూసి పిల్లనివ్వనన్నాను. రెండుచోట్లా తప్పు నాదే."