భార్గవి పేరున ఆపిన అడ్రసులు

ఇంటర్నెట్ వ్యాపారం మొదలుపెట్టిన రోజు నా చేతిలో ఉన్నవి ఇవి: తిరుత్తణిలో నాన్న ఇనుప సామాన్ల అంగడి మీద ఒక గది, ఫైబర్ కేబుల్ అతికించే మిషన్, ఒక పాత సర్వర్, ఎవరికైనా సర్దిచెప్పగల నోరు.

తొందరలోనే ఆ నోటికి పని ఎక్కువైంది. సాయంత్రమైతే కాలేజీ కుర్రాళ్ల ఆటలు బాగానే నడిచేవి, అంగళ్లలో కార్డు మిషన్లు ఆగిపోయేవి.

దాన్ని సరిచేయడానికి తిరువళ్ళూరు నుంచి నెట్‌వర్క్ ఇంజినీర్ భార్గవి వచ్చింది. వానకు తడిసిన చెప్పులు గుమ్మం బయట విడిచి, సర్వర్ ముందు కూర్చుని, నా సెట్టింగులన్నీ పైనుంచి కిందికి చదివింది.

"ఇది ఎవురు చేసినారు?"

"నేనే."

"అదే అనుకున్నా. లాడ్జి, అంగడి, ఇల్లు అందరి అడ్రసులూ ఒకే పూల్‌లో, ఒకే కుప్పగా పోసేసినారు. కింద అంగట్లో మేకులూ తాళాలూ ఒకే డబ్బాలో పెడ్తారా సార్?"

"పెట్టినా, అడిగినోళ్లకి వెతికి ఇస్తాము మేడం."

"సర్వర్ వెతకదు. ముందు వచ్చినోళ్లకి ఇచ్చేస్తాది."

ఆమె నవ్వలేదు. పెదవి చివర మాత్రం కొంచెం కదిలింది. దాన్ని నేను జమలో వేసుకున్నాను.

"ఇంక మీద ఎవురొచ్చినా ముందు పేరు, పాస్‌వర్డ్ చెప్పాల. వీళ్లు ఏ గ్రూపోళ్లని సర్వర్ చూస్తాది. ఆ గ్రూపు పూల్‌లో ఖాళీగా ఉండే ఐపీ అడ్రస్ ఒకటి ఇస్తాది, అది ఉంటేనే నెట్ వస్తాది. వాళ్లు పోతే అది మళ్లా పూల్‌కే."

"లాడ్జి రూము మాదిరి."

"అంతే. తాళంచెవి ఇచ్చేసి పోవాల్సిందే. సొంతమనేది లేదు."

కొన్నాళ్లు వస్తూ పోతూ పని ముగించింది. వెళ్లే రోజు బ్యాగు సర్దుకుంటూ చెప్పింది. "నా పేరుతో టెస్ట్ గ్రూపు ఒకటి పెట్టినాను. దానికీ ఒక పూల్ ఉంది. తీసేసి ఆ అడ్రసులు లాడ్జిలకి కలిపేయండి."

"సరే మేడం."

"మర్చిపోతారు."

"వ్యాపారస్తుణ్ణి. ఉత్తగా పడున్న సరుకు నా కంట్లో పడకుండా పోదు."

కంట్లో పడింది. రోజూ పడింది. కానీ తీసేయలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఊరంతా ఒక్కొక్కరుగా లాగిన్ అయ్యేవారు. తెర మీద పేర్లు నిండేవి. టెస్ట్ గ్రూపులో ఆ ఒక్క పేరు ఎదుట ఖాళీ. వాన పడితే, తిరువళ్ళూరులో కూడా పడుతోందా అని ఆలోచించేవాణ్ణి. కేబుల్ కొనే నెపంతో అక్కడికి వెళ్లి, ఆమె ఆఫీసు మెట్ల దాకా నడిచి, కేబుల్ మాత్రమే కొనుక్కుని వచ్చేవాణ్ణి.

బిల్లు విషయమని ఒకసారి ఫోన్ చేస్తే ఆమే చెప్పింది. "ఆడి నెల పోయి పెండ్లిళ్ల నెల ఆవణి వస్తే నాయన నాకు సంబంధం ఖాయం చేస్తాడంట."

"సంతోషం మేడం," అన్నాను. బేరంలో ఎప్పుడూ తడబడని నోరు, ఆ అబద్ధాన్నీ తడబడకుండా చెప్పింది.

కొండ మీది స్వామికి ఆడికృత్తిక పండుగ వచ్చింది. మొక్కు కావళ్లు మోసే భక్తులతో ఊరు నిండింది, లాడ్జిలు నిండాయి, మధ్యాహ్నానికి లాడ్జి గ్రూపు పూల్ కూడా అయిపోయింది. పేరు, పాస్‌వర్డ్ సరిగ్గానే ఉన్నా అడ్రస్ లేక భక్తులు బయటే ఆగిపోయారు. లాడ్జి వాళ్ల ఫోన్లు తట్టుకోలేక భార్గవికి ఫోన్ చేశాను. ఆమె ఉన్నచోటు నుంచే సెల్‌లో సర్వర్ తెరిచి చూసింది.

"టెస్ట్ గ్రూపు ఇంకా ఉండాదే. ఊరంతా అల్లాడతా ఉంటే ఈ పూల్ ఎవురికి దాచినారు?"

"అందులో ఉండే పేరు చూడండి."

ఫోన్‌లో కావళ్ల ముందు వాయించే పంబై డోళ్ల మోత వినిపించింది.

"నేను పోయినాక ఒక్కసారైనా లాగిన్ కాలేదు కదా."

"తెలుసు. రోజూ చూస్తా ఉండాను."

"వ్యాపారస్తుడు చేసే పనేనా ఇది?"

"కాదు. నష్టమే. అయినా ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు."

ఆమె గొంతు తగ్గింది. "ముందు దాన్ని లాడ్జిలకి కలుపు. నాయన మా ఊరు పాండూరు నుంచి కావడి ఎత్తుకోని వచ్చినాడు. ఆయన వెనకనే కొండ ఎక్కతా ఉండా. దిగినాక మీ అంగడికి పిల్చుకోని వస్తా. అడగాల్సింది ఆయన్ని అడుగు."

కలిపేశాను. లాడ్జి వాళ్ల ఫోన్లు ఆగిపోయాయి.

పొద్దు వాలుతుండగా భార్గవి నాయన ధనకోటిగారు నుదుటి నిండా విభూతితో వచ్చి అంగడి బెంచీ మీద కూర్చున్నారు. మా అమ్మ వనజాక్షి మజ్జిగ ఇచ్చింది. భార్గవి తాళాల డబ్బాలు చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడింది.

"ఏమి తంబీ, గడగడా మాట్లాడతావని మా పాప చెప్పిందే."

"భార్గవిని నాకివ్వండి మామా."

"అప్పుడే మామనా?" గ్లాసు కింద పెట్టారు. "వచ్చిన సంబంధాలకంతా ఏదో ఒక వంక చెప్పి తోసేస్తా ఉండాది. ఎవురి కోసమంటే చెప్పదు. ఆ మనిషి ఎప్పుడు నోరు తెరుస్తాడా అని నేనూ కాచుకోనుండా."

"వీడు సరుకు అమ్మేదానికే నోరు తెరుస్తాడన్నా," అంది అమ్మ. భార్గవికి బొట్టు పెట్టి, "ఆవణిలో మేమే పాండూరు వస్తాము," అని చెప్పింది.

చీకటి పడ్డాక రైలుబండికి వాళ్లను స్టేషన్‌కు తీసుకెళ్లాను. కావడి పక్కన పెట్టుకుని ధనకోటిగారు కూర్చున్నచోటే కునుకు తీశారు. బండి వచ్చింది.

"నాయనని లేపాలా?" అన్నాను.

"కాళ్లు నొప్పులతో ఉండాడు. పడుకోనీ," అంది భార్గవి. బండి వెళ్లిపోయింది. ఇంకొకటి వచ్చింది. ఈసారి నేను అడగలేదు, ఆమె లేవలేదు.

ఆ రోజు నాకు మిగిలిన లాభం మేము వదిలేసిన ఆ రెండు రైళ్లు.