మూడో గది ముందు చెప్పులు

మంగళవారం, ఉదయం 7.20. దుగ్గిరాల పసుపు గోడౌన్‌లో మూడో గది తలుపు వెనకాల సింగయ్య శవం దొరికింది.

తలుపుకు బయట తాళం. సింగయ్య గోళ్ళలో ఆ తలుపు ఆకుపచ్చ పెయింటు.

గది నిండా పసుపు బస్తాలు. పురుగు పట్టకుండా వాటి మధ్య సోమవారం సాయంత్రం గ్యాస్ బిళ్ళలు పెట్టారు. ఆ గ్యాస్ పీలిస్తే మనిషి బతకడు. ఐదు రోజులు ఎవరూ తలుపు తీయకూడదు.

తాళానికి రెండే చెవులు. ఒకటి సేఫ్టీ ఆఫీసర్ విష్ణువర్ధన్ దగ్గర. రెండోది హమాలీల మేస్త్రీ నాగబాబు దగ్గర.

నాగబాబు చచ్చిపోయినవాడికి స్వయానా బావమరిది. సముద్రంలో చేపల వేట నిషేధం రెండు నెలలూ ఒడ్డున కూర్చుని ఏం చేస్తావు, రమ్మని బావను, అక్కతో సహా, రేపల్లె దగ్గరి పల్లె నుంచి బస్తాల పనికి తీసుకొచ్చింది అతనే.

తెనాలి నుంచి సీఐ శకుంతల వచ్చేసరికి ఎస్సై కేసు తేల్చేసి కూర్చున్నాడు. నాగబాబే బావను లోపలికి పంపి తాళం వేశాడు. హత్య. సాయంత్రం నాలుగింటికి తెనాలి కోర్టు, అక్కణ్ణుంచి జైలు.

అప్పుడు టైం 1.40.

"తాళం ఎవరు తీశారు?" శకుంతల అడిగింది.

"పొద్దున మేం వచ్చేసరికి తాళమే లేదండి. కాయితమూ లేదండి." నాగబాబు దగ్గుతున్నాడు. కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. "బిళ్ళలు పెట్టేది వేరేవాళ్ళండి. నిన్న మేం ఐదింటికే వెళ్ళిపోయాం. మాకెవరూ చెప్పలేదు."

"సింగయ్య ఎప్పుడు లోపలికెళ్ళాడు?"

"ఆరుంపావుకండి. నిన్న బస్తాలు లాగే కొక్కెం లోపల మర్చిపోయా, తెచ్చుకుంటా అన్నాడు. ఇంతలో లారీ వచ్చింది, నేను లోడు చూసుకుంటా ఉండిపోయా. మళ్ళీ వచ్చి చూస్తే తాళం! నా చెవితోనే తీసి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఈడ్చుకొచ్చా."

"నిన్న గొడవపడ్డారట?"

"బస్తాల వరస వంకరపోయిందని నలుగుర్లో తిట్టానండి." నాగబాబు కళ్ళు తుడుచుకున్నాడు. "పొద్దున్న కూడా మొహం చూసి మాట్లాడలేదు."

విష్ణువర్ధన్‌కు ఏ దగ్గూ లేదు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. ఫైల్లో ఆ గది రిస్క్ అసెస్‌మెంట్. ఎక్కడెక్కడ ప్రమాదముందో కళ్ళతో చూసి, తిరిగి, నింపాల్సిన కాగితం.

"సోమవారం సాయంత్రం నేనే తాళం వేసి, డేంజర్ నోటీసు అంటించాను మేడమ్. ఇదిగో ఫొటో."

మూసిన ఆకుపచ్చ తలుపు. తాళం. ఎర్ర నోటీసు, పుర్రె బొమ్మ. మూలన టైం: సోమవారం సాయంత్రం 6.05.

శకుంతల కాగితం చదివింది. నోటీసు: ఉంది. తాళం: ఉంది. కార్మికులకు సేఫ్టీ బూట్లు: ఉన్నాయి. మిగిలిన ప్రమాదం: లేదు. అన్నిటికీ ఒకే ఊపులో టిక్కులు. గది చూసినవాడు ఒక్కచోటైనా ఆగడూ?

"బూట్లు అందరికీ ఇచ్చారా?"

"అందరికీ మేడమ్."

"మరి ఫొటోలో తలుపు పక్కన ఈ చెప్పులేంటి?"

విష్ణువర్ధన్ నవ్వేశాడు. "అవి ఎప్పుడూ ఉండేవే మేడమ్. చెప్పులతో పసుపు తొక్కరు వీళ్ళు. గడప బయటే వదులుతారు."

ఎస్సై కూడా నవ్వాడు. శకుంతల నవ్వలేదు.

2.30కి సింగయ్య భార్య పేరంటాలును పిలిపించింది. గది ముందు దొరికిన చెప్పులు బల్ల మీద పెట్టింది.

"ఇవి మీ ఆయనవేనా అమ్మా?"

పేరంటాలు వాటిని తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఆయనవేనమ్మా. కుడికాలిది ఇవాళ తెల్లారగట్టే తెగింది. నీలం వలతాడుతో నేనే ముడేసిచ్చా. ఈ పూటకి చాల్లే అన్నాడు." ఉన్నట్టుండి శకుంతల కాళ్ళు పట్టేసుకుంది. "పొద్దున ఆయన్ని తీసుకుపోయాడు దేవుడు. ఇప్పుడు తమ్ముణ్ణి మీరు తీసుకుపోతారా? నేనెవరి మొహం చూసి బతకాలమ్మా?"

 శకుంతల ఆమెను లేవదీసి కూర్చోబెట్టింది. ఫొటోను సిస్టంలో పెద్దది చేయించింది. చాలాసేపు చూసింది.

3.05. అందరినీ మూడో గది ముందు నిలబెట్టింది.

"ఈ ఫొటో సోమవారానిది కాదు. కుడి చెప్పుకు నీలం ముడి చూడండి. అది ఈ తెల్లవారుజామున వేసిన ముడి. అంటే ఈ ఫొటో ఇవాళ తీసింది. సింగయ్య చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాక తీసింది. తాళం ఆ ఫొటోలోనే ఉంది. ఎవరు వేశారు విష్ణువర్ధన్?"

విష్ణువర్ధన్ చేతిలో ఫైలు మూసేశాడు.

"ఫోన్ ల్యాబ్‌కి పంపమంటావా? నువ్వే చెప్తావా?"

విష్ణువర్ధన్ గోడకు జారగిలబడి అంతా చెప్పాడు. సోమవారం అతను గోడౌన్‌కే రాలేదు. బాపట్లలో ఇంట్లో కూర్చుని టిక్కులు పెట్టాడు. బిళ్ళలు పెట్టమని ఫోన్లో చెప్పాడు. మంగళవారం పదింటికి ఆడిట్ ఉందని పొద్దున ప్యాసింజర్‌కి వచ్చాడు. 6.20కి ఓరగా ఉన్న తలుపు లాగి, తాళం వేసి, నోటీసు అంటించాడు. ఫోన్లో తేదీ, టైమూ వెనక్కి తిప్పి ఫొటో తీసుకుని టిఫిన్‌కి వెళ్ళాడు.

"లోపల మనిషున్నాడని తెలీదు మేడమ్. ఒట్టు."

నాగబాబు సంకెళ్ళు విప్పారు. అతను అక్క దగ్గరికి వెళ్ళలేక అక్కడే కూలబడి ఏడ్చాడు.

పేరంటాలు తలుపు లోపలివైపు గోళ్ళ గీతలు చూస్తోంది. ఒకచోట పెయింటు ఊడి రేకు కనిపిస్తోంది. ఆ గీతల్ని చేత్తో తడిమింది. తర్వాత చెప్పులు రెండూ తెచ్చి విష్ణువర్ధన్ ముందు పెట్టింది. అరవలేదు, తిట్టలేదు.

"వీటిని చూశావు గదయ్యా. ఫొటో కూడా తీశావు. చెప్పులిక్కడుంటే మనిషెక్కడని అడగలేదేం?"