ఎడమ జేబు

ఇంటి ముందుగదిలోని రేడియోల దుకాణంలో పని చేసేటప్పుడు ఎడమ చెయ్యి జేబులోనే ఉండాలి. అది నాన్న పెట్టిన నియమం. బల్బుల్లాంటి గాజు వాల్వులతో మాటని గాలిలోకి పంపే పాత ట్రాన్స్‌మిటర్ మనిషిని మింగేసేంత కరెంటు దాచుకుని ఉంటుంది. రెండు చేతులూ లోపల పెడితే అది ఒక చేతిలోంచి ఎక్కి, గుండె మీదుగా రెండో చేతిలోంచి దిగుతుంది. అందుకే అమ్మ ఆయన చొక్కాలకీ, పని నేర్చుకుంటున్న కూతురి బట్టలకీ ఎడమ పక్కన లోతైన జేబు కుట్టేది. కొడుక్కి కుట్టలేదు. వాడికి రేడియో పేరెత్తితేనే ఒళ్లు మంట. పడవే నడుపుకుంటానని తెగేసి చెప్పాడు.

అంత జాగ్రత్త గల మనిషీ ఒకరోజు రెండు చేతులూ లోపల పెట్టి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఎందుకు పెట్టాడో ఎవరికీ అంతుపట్టలేదు. అప్పుడు సెట్టులో వెలుగుతున్న పెద్ద వాల్వును అమ్మ ఊడదీయించి, ఆయన చొక్కాలోనే చుట్టి బీరువాలో పెట్టింది.

"దీన్ని మళ్లీ వెలిగించావంటే నా మీద ఒట్టే" అంది కూతురితో.

తుఫాను వచ్చిన రోజు మధ్యాహ్నానికే చీకటి పడింది. కరెంటు లేదు. ఫోన్లు మూగబోయాయి. రేవు దగ్గర దీపస్తంభం కూడా ఆరిపోయింది. అక్క జనరేటరు నడిపించి రిసీవరు ముందు కూర్చుంది. వేడెక్కిన దుమ్ము వాసన గదంతా పరుచుకుంది. గరగరల అడుగు నుంచి, సముద్రం మీద పడవలో ఉన్న తమ్ముడి గొంతు తేలింది.

"అక్కా... దీపం కనిపించట్లేదే. ఎటు తిప్పాలో చెప్పవే!"

ట్రాన్స్‌మిటర్ స్విచ్చి వేసింది. మీటరు ముల్లు ఉలకలేదు, పలకలేదు. ఫ్యూజు బాగానే ఉంది. తీగలు బాగానే ఉన్నాయి. చివరికి పెద్ద వాల్వు మీద టార్చి వేసింది. గాజు లోపలి వెండిపూత పాలలా తెల్లబడిపోయి ఉంది. ఎక్కడో సన్నగా పగిలి లోపలికి గాలి చొరబడింది. అంటే ఆ వాల్వు పని అయిపోయినట్టే. బదులు వెయ్యడానికి ఇంట్లో ఇంకొక్కటే ఉంది.

"అమ్మా..."

అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "వద్దే తల్లీ. ఇంకేదన్నా చూడు."

"ఇంకేం లేదమ్మా. వాడు రాళ్ల మీదికి పోతున్నాడు."

అమ్మ ఏడుస్తూనే బీరువా తెరిచింది.

వాల్వు వెలిగింది. ముల్లు చివరిదాకా ఎగిరింది. ఇప్పుడు నాబ్ తిప్పుతూ ముల్లు కిందికి దిగే చోటు పట్టుకోవాలి. ఆలస్యమైతే లోపలి రేకు కాలి ఈ వాల్వు కూడా పోతుంది. తిప్పింది. దిగలేదు. రేకు ఎర్రబడుతోంది. కాలిన బట్ట వాసన... ఎక్కడినుంచో తెలియదు. జేబులోని ఎడమ చెయ్యి తనంతట తానే బయటికి వస్తోంది. ఎవరో మణికట్టు పట్టుకుని సెట్టు వైపు లాగుతున్నట్టు...

పళ్లు బిగించి చేతిని మళ్లీ జేబులోకి కుక్కుకుంది. అదే క్షణంలో నాబ్ ఆమె వేళ్ల కింద తానే కాస్త తిరిగింది. ముల్లు మెల్లగా దిగింది.

"తమ్ముడూ! గాలి ఎడమ చెంపకి కొట్టేలా తిప్పు. ఎడమ చెంపకి! కుడికి కొట్టిందంటే రాళ్ల వైపు పోతున్నట్టే."

గరగరల మధ్య నుంచి జవాబు వచ్చింది.

"సరే నాన్నా. కుడి చెంపకే పెట్టాను."

అక్క మైకు మీదికి వంగింది.

"నాన్నేంట్రా! నేనురా, అక్కని! ఎడమ చెంపకి!"

"అలాగే నాన్నా. ఇంకొంచెం కుడికి... అక్క ఏది నాన్నా? దాని గొంతు వినపడదేం?"

అరిచింది. బతిమాలింది. ఏడ్చింది. ఆమె ఏం చెప్పినా అక్కడికి వేరేలా చేరుతోంది. ఇక లాభం లేదని ట్రాన్స్‌మిటర్ ప్లగ్గు లాగేసింది.

వాల్వు ఆరలేదు.

రిసీవరులో తమ్ముడు నవ్వుతున్నాడు. "వచ్చేశా నాన్నా. నువ్వు కనిపిస్తున్నావు. చెయ్యి అందుకో..."

పడవ ఇంజను శబ్దం ఆగిపోయింది. తర్వాత గరగర తప్ప ఏమీ లేదు. అక్క బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తూ ఉండిపోయింది.

అలా ఎంతసేపు గడిచిందో. వీధి తలుపు చప్పుడైంది.

"వచ్చాడే! నా కొడుకు వచ్చాడే!" అమ్మ పరుగెత్తింది.

తమ్ముడే. నిలువెల్లా తడిసి ఉన్నాడు. అమ్మ తువ్వాలు కప్పబోతే ఆగలేదు. అక్క వైపు చూడలేదు. నీళ్లోడుతూ నేరుగా బల్ల దగ్గరికి వచ్చి, వెలుగుతున్న వాల్వు మీదికి వంగాడు.

"ఒరేయ్, ఎలా వచ్చావురా?" అక్క గొణిగింది.

రిసీవరు గరగరలాడింది. చాలా దూరం నుంచి, సన్నగా...

"అక్కా... చీకటిగా ఉందే. ఎటు తిప్పాలే?"

అమ్మ చేతిలోని తువ్వాలు జారిపడింది.

బల్ల ముందు నిలబడ్డవాడు కుడి చెయ్యి చాచి రిసీవరు ఆపేశాడు. వాడి ఎడమ చెయ్యి మాత్రం తడిసిన చొక్కా పక్కన, ఎన్నడూ కుట్టని జేబు కోసం తడుముకుంటూనే ఉంది.