కప్పు కంత కింద

దయ్యాలకు చీకటి పడాలని ఎవరు చెప్పారో గానీ, హజరత్తయ్యకు ఎదురైంది మాత్రం మిట్టమధ్యాహ్నం. అరవై రెండో సంవత్సరం, రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ.

ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే ఇసక దిబ్బల మధ్య ఒక రాతి బురుజు ఉండేది. కంపెనీ కాలంలో ఉప్పు కొటార్లు చూసే ఐర్లాండు దొర కట్టించాడట. వాళ్ళ దేశంలో కలిగినవాళ్ళ ఇళ్ళు ఇట్లాగే ఉండేవట. నాలుగు అంతస్తులు, అంతస్తుకు ఒకటే గది, నిలువెత్తు మనిషి అడ్డంగా పడుకునేంత మందం గోడలు. కిటికీలనేవి లేవు, తుపాకి గొట్టం పట్టే సందులు తప్ప. మెట్లు కుడికి మెలికలు తిరుగుతూ పోతాయి. కత్తి దూసి ఎక్కేవాడి కుడిచేతికి నడిమి స్తంభం అడ్డం రావాలని అట్లా కట్టారు. నెల్లూరు ఎండలో చలికాచుకునే పొయ్యి కూడా పెట్టించుకున్నాడు, ఏం చెప్పేది!

ఉన్నది ఒకటే వాకిలి. అది దాటగానే నెత్తిన, కప్పులో మూరెడు కంత. పిలవకుండా వచ్చినవాడి మీద పైనుంచి రాయి వేయడానికట. కరువు ఏట గింజలకని పోయినవాళ్ళు ఆ వాకిట్లోంచి తిరిగి రాలేదని పక్క పాలెంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

హజరత్తయ్య తాపీ మేస్త్రీ. కాలవ తూముకు రాళ్ళు కావాలంటే, మొదటి అంతస్తులోని ఆ పొయ్యి విప్పే పని ఒప్పుకున్నాడు. తోడు తమ్ముడు మస్తానయ్య. తల్లి పోతూ పోతూ వాణ్ణి అన్న చేతిలో పెట్టింది. వాడంటే హజరత్తయ్యకు ప్రాణం. వచ్చే నెలే వాడి పెళ్ళి.

మెలికల మెట్ల మీద రాళ్ళు మోయలేక ఆ కంతలోంచే కిందికి వదిలేవాళ్ళు. దానికొక పద్ధతుంది. పైవాడు "రాయి!" అని కేకేయాలి. కిందివాడు గోడకు ఒదిగి "వదులు!" అనాలి. ఆ మాట వినపడ్డాకే చెయ్యి వదలాలి. ఏ కట్టడం విప్పినా ఏడేళ్ళుగా అన్నదమ్ములు పాటిస్తున్న పద్ధతి అదే. నిద్రలో "రాయి" అన్నా మస్తానయ్య "వదులు" అంటాడని ఇంట్లో ఎగతాళి చేసేవాళ్ళు.

"రాయి!"

"వదులు!"

ధబ్.

"రాయి!"

"వదులు…"

వదిలాడు. చప్పుడు రాలేదు.

హజరత్తయ్య కంతలోకి వంగాడు. కింద చీకటి. ముక్కిపోయిన జొన్నల వాసన గుప్పున కొట్టింది. అంతలో మెట్ల మీద అడుగులు... కడవ భుజాన పెట్టుకుని మస్తానయ్య వచ్చాడు.

"బావి ఎండిపోయిందన్నా. నీళ్ళకు పాలెం దాకా పోయొచ్చినా."

"ఎప్పుడు పోయినావురా?"

"శానా సేపైంది. ఏమన్నా, అట్లా చూస్తావు?"

హజరత్తయ్య పనిముట్లు అక్కడే పారేశాడు. "పద. ఏం మాట్లాడబాక. నా వెనకే రా."

బయటికి దారి ఆ వాకిలే. ఆ కంత కిందుగానే పోవాలి.

మెట్లు దిగుతున్నారు. ముందు అన్న, వెనక తమ్ముడు. చీకటి. ఒక మెలిక... ఇంకొక మెలిక...

పైనుంచి కేక వినిపించింది. "రాయి!"

అది హజరత్తయ్య గొంతే.

పద్ధతి గుర్తొచ్చింది. జవాబు రాకుంటే రాయి పడదు. గిరుక్కున వెనక్కి తిరిగి, చీకట్లో చేతికి తగిలిన నోరు గట్టిగా మూశాడు. అట్లాగే లాక్కుంటూ కంత కిందుగా ఒకటే పరుగు. వాకిలి దాటాడు. ఎండలో పడ్డాడు.

"బతికిపోయినాం రా నాయనా!" అని ఏడ్చేశాడు.

ఎదురుగా మస్తానయ్యే. అదే మొహం, సున్నం తిన్న అవే వేళ్ళు. చెయ్యి తీసినా వాడు నోరు విప్పలేదు. ఊరికే చూస్తున్నాడు.

అప్పుడు లోపలి నుంచి వినిపించింది.

"అన్నా… యాడున్నావన్నా? నేనింకా మెట్ల మీదనే ఉండా… కనపడటంలా…"

హజరత్తయ్య ఒక్క అడుగు వేశాడు. పక్కనున్నవాడు మణికట్టు పట్టుకున్నాడు. ఆ ఎండలో ఆ చెయ్యి చల్లగా ఉంది.

లోపల అడుగులు కింది మెట్టు దిగాయి.

"రాయి!" అంది పైనున్న గొంతు.

"తమ్ముడూ, పలకబాక!" అని అరవబోయాడు హజరత్తయ్య.

ఏడేళ్ళ అలవాటు.

"వదులు!"

ధబ్.

చెయ్యి విదిలించుకుని లోపలికి పరిగెత్తాడు. మనిషి లేడు. పొద్దుటి నుంచీ వదిలిన రాళ్ళున్నాయి, అంతే.

పెళ్ళి జరిగింది. మస్తానయ్యకు ఇద్దరు బిడ్డలు కూడా పుట్టారు. బురుజులోంచి బయటపడ్డ నాటి నుంచి వాడు ఒక్క మాట మాట్లాడలేదు. జడుసుకున్నాడులే పాపం, అన్నారు అందరూ. హజరత్తయ్య కూడా అవునన్నాడు, అనక ఏం చేస్తాడు?

కానీ రోజూ పొద్దు నడినెత్తికొచ్చే వేళకు సద్ది గిన్నె తీసుకుపోయి బురుజు వాకిట్లో పెట్టి వస్తాడు. సాయంత్రం పోయి చూస్తే గిన్నె ఖాళీగా, కడిగి బోర్లించి ఉంటుంది. తిన్న గిన్నె కడిగి బోర్లించడం చిన్నప్పుడు తల్లి మస్తానయ్యకు నేర్పిన అలవాటు.

ఇంట్లో ఉన్న మస్తానయ్య మాత్రం తిన్న గిన్నె ఒక్కనాడూ బోర్లించలేదు.