పాటలో దూరిన టిక్ టిక్

"ఆ దబదబలు ఆపుతారా, నన్ను ఇంటికెళ్లిపొమ్మంటారా?"

స్టూడియోలో అడుగుపెట్టగానే మా అమ్మాయి అన్న మొదటి మాట అది. మీటల ముందు కూర్చున్న కుర్రాడు తల కూడా తిప్పలేదు.

"వెళ్లొచ్చు మేడమ్. తలుపు తోస్తే రాదు, లాగాలి."

నాకు నవ్వొచ్చింది. దగ్గులో కలిపేశాను. పిల్లకు పాట నేర్పింది నేనే, మేనేజర్నీ నేనే. నవ్వానంటే రెండు ఉద్యోగాలూ ఊడతాయి.

సంగతేంటంటే, వయొలిన్ల మధ్య నిలబడి మా అమ్మాయి గొంతెత్తిందంటే హాలంతా కళ్లు తుడుచుకునేది. ఇప్పుడు ఆ హాల్లోవాళ్లకు మోకాళ్ల నొప్పులొచ్చాయి. కుర్రకారేమో పాట మొదలవగానే ఫోన్లో పక్కకు నెట్టేస్తున్నారు. "కొత్తగా పాడితే సరే. లేదంటే ఈ పాట ఇంకో అమ్మాయికిస్తాం. సాయంత్రం వచ్చి వింటా," అని, పాటిచ్చిన ఆడియో కంపెనీ పెద్దాయన మొహం మీదే చెప్పేశాడు. పొద్దున్నుంచీ పిల్ల ఏమీ తినలేదు.

అందుకే ఈ కుర్రాడి దగ్గరికొచ్చాం. కొత్త బీట్లలో మొనగాడట. మా అమ్మాయి అప్పటికప్పుడే 'దబదబ మాస్టారు' అని పేరు పెట్టేసింది.

"హెడ్‌ఫోన్ రెండు చెవులకీ పెట్టుకోండి మేడమ్. అందులో తాళం టిక్ టిక్‌మంటూ ఉంటుంది. ఒక చెవి వదిలేస్తే ఆ చప్పుడు మైకులో దూరుతుంది."

"రెండు చెవులూ మూసుకుంటే నా గొంతు నాకెలా వినపడుతుంది? మీరొచ్చి చెప్తారా?"

అంటూనే ఒక చెవి వదిలేసింది. వాడు నిట్టూర్చాడు.

"సరే, మీ ఇష్టం. దూరితే నేను పట్టుకుంటాలెండి. అదే నా పని."

గాజు గదిలోకెళ్లి పిల్ల గొంతెత్తింది. వెంటనే వాడు ఆపేశాడు.

"మేడమ్, మైకు మీ ముందే ఉంది. వీధి చివరివాళ్లకు వినిపించక్కర్లేదు."

మా అమ్మాయికి ఒళ్లు మండింది. మైకు దగ్గరికి జరిగి, గాజులోంచి సూటిగా వాణ్ణే చూస్తూ, "ఇలాగా?" అంది.

అని పాట అందుకుంది. అది పాడటమా అసలు? చెవిలో చాడీలు చెప్పినట్టు చెప్పింది! సాగదీయాల్సిన చోట టక్కున ఆపింది. ఆపినప్పుడల్లా వాడి వైపు కనుబొమ్మ ఎగరేసింది.

నేను నేర్పిన పాట కాదది. అయినా ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లూ నాకు భయపడి ఈ గొంతు దాచుకుందేమో అనిపించి మనసు చివుక్కుమంది కూడా.

తీరా వేసి వింటే, పిల్ల ఆపిన ప్రతి చోటా టిక్ టిక్!

కుర్రాడి మొహం పాలిపోయింది. మళ్లీ పాడించాడు. ఆ చాడీల గొంతు రాలేదు. ఇంకోసారి పాడించాడు. అబ్బే, మళ్లీ పాత పద్ధతిలో నా శిష్యురాలే పాడింది. పిల్ల గదిలోంచి బయటికొచ్చేసింది, కళ్లలో నీళ్లు.

నాకు కోపం ఆగలేదు. "ఇంత మోత వినపడలేదా బాబూ? అదే నీ పనన్నావుగా!"

"వినలేదంకుల్."

"మరేం వెలగబెడుతున్నావ్?"

"చూస్తున్నాను."

"ఏం చూస్తున్నారు, మీటలా?" అంది మా అమ్మాయి.

"మిమ్మల్ని." వాడి చెవులు ఎర్రబడ్డాయి. "మీరలా పాడుతుంటే చెవులు పనిచెయ్యడం మానేశాయి మేడమ్. మీరంటే ఇష్టమొచ్చేసింది, అంతే. ఈ పాట పోతే నా వల్లే పోతుంది. ఎన్ని తిట్టినా పడతాను."

మాటకు మాట అప్పజెప్పే మా పిల్ల ముక్కు తుడుచుకుంది.

"తిట్టడానికి చాలా టైముంది. ముందు నా పాట సంగతి చూడండి."

వాడు దబదబలన్నీ తీసేశాడు. "దాచలేనిదాన్ని ముందు పెట్టేద్దాం," అంటూ ఆ టిక్ టిక్‌నే పెంచి, కింద లావుపాటి గిటారు తీగ ఒక్కటి మోగించాడు. పక్కనే కుర్చీ లాక్కుని మా అమ్మాయి, "ఇక్కడ ఆపండి, ఊరించండి," అంటూ వాడి మీద పెత్తనం చేసింది. ఇద్దరూ పోట్లాడుకుంటూనే పాట పూర్తి చేశారు.

పెద్దాయన వచ్చాడు. కళ్లు మూసుకుని విన్నాడు. సగంలోనే కాలు ఆడించడం మొదలెట్టాడు.

"పాట ఈ అమ్మాయిదే. తిరుగు లేదు. ఇంతకీ ఆ టిక్ టిక్ ఎవరి ఐడియా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేనే లేచాను.

"మా అల్లుడిది సార్."

"నాన్నా!" అని అరిచింది మా అమ్మాయి.

కాదని మాత్రం అనలేదు.