గంట కొట్టగానే గొడవ

తలుపు తీయగానే ముందు కాలిన వేలు కనబడింది. దాని వెనకాల మనిషి కనబడ్డాడు.

"మీ అమ్మాయి ఉందా ఆంటీ? ఈ వేలు ఆవిడకి చూపించాలి."

కూతురు ఎవర్నో కాల్చేసిందన్నంత దూరం వెళ్లిపోయింది తల్లి ఆలోచన. "అయ్యో బాబూ, ముందు నీళ్ల కింద పెట్టు" అంటూ అతన్ని కుళాయి దగ్గరికి లాక్కుపోయింది.

చప్పుడు విని కూతురు వచ్చింది. "ఓహో, థర్మామీటర్ గారా! తాకకూడనివన్నీ తాకుతారని ఆఫీసులో విన్నాను."

"ముప్పై ఎనిమిది డిగ్రీలు దాటదని మీ కంప్యూటర్ చెబితే నమ్మి తాకాను, లెక్కల రాణిగారూ! అరవై దాటింది."

"అయితే మీ మీటరు పాడైంది."

"వేలు కూడా పాడైందా?"

సంగతేమిటంటే, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే పరుపు ఒకటి వాళ్ల కంపెనీ తయారుచేస్తోంది. పరుపు అడుగున వేడి పలక ఉంటుంది. అదెంత వేడెక్కుతుందో అమ్మాయి కంప్యూటర్లో లెక్క కడుతుంది. అతను పలకని నిజంగా చేసి కొలుస్తాడు. వానకి ఆఫీసు పైకప్పు కారుతోందని అమ్మాయి ఇంట్లోనే పనిచేస్తోంది. ఇద్దరి అంకెలూ కలిసేదాకా అక్కడే కూర్చోమని బాసు అతన్నిక్కడికి పంపాడు.

తల్లి గది తలుపు బార్లా తీసి ఉంచింది. గోడ గడియారం గంట కొట్టినప్పుడల్లా టీ వంకతో తొంగి చూసింది. పదింటికి పోట్లాట. పదకొండింటికి పోట్లాట. పన్నెండింటికి అమ్మాయి బల్లమీద పెన్సిల్ విసిరికొట్టింది.

పోట్లాడితే పోట్లాడారు, రెండో రోజు కూతురు కొత్త లోలకులు పెట్టుకుంది. తల్లికి అనుమానం వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చోడానికి లోలకులెందుకు? ఇది అటే పోతోంది! గంటకోసారి గొడవపడే మనిషితో బతుకంతా ఎలా వేగుతుంది?

ఇక ఆగితే లాభం లేదనుకుంది. మూడో రోజు మధ్యాహ్నం గడియారం మూడు కొట్టింది. యథాప్రకారం లోపల యుద్ధం. ఆమె టీ కప్పులు బల్లమీద పెట్టి, "బాబూ, ఏమీ అనుకోకు. రేపట్నుంచి మా ఇంటికి రావద్దు" అంది.

అతని మొహం వాడిపోయింది. కూతురు చటుక్కున లేచింది. "అదేంటమ్మా!"

"మూడు రోజులుగా గంటగంటకీ వచ్చి చూస్తున్నానే. ఎప్పుడొచ్చినా కీచులాటే. ఒక్కసారైనా నవ్వుతూ కనబడ్డారా?"

"గంట కొట్టగానే వస్తే ఎలా కనబడతాం? రిజల్ట్ వచ్చేది అప్పుడే. అది చూసి అయిదు నిమిషాలు తిట్టుకుంటాం. మిగతా యాభై అయిదు నిమిషాలూ..." నాలిక కరుచుకుంది.

"మిగతా యాభై అయిదు నిమిషాలూ?" తల్లీ, అతనూ ఒకేసారి అడిగారు.

కూతురికది వినబడలేదు. కళ్లింత చేసుకుని తల్లినే చూస్తోంది. "అమ్మా! నా ప్రోగ్రామ్ కూడా అచ్చం నీలాంటిదే!"

అదేం తిట్టో తల్లికి అర్థం కాలేదు.

"హీటర్ ఎప్పుడూ సన్నగా పనిచేస్తూనే ఉంటుందమ్మా. నిమిషానికోసారి మాత్రం పన్నెండు సెకన్లు గట్టిగా వేడెక్కి తగ్గుతుంది. నేనేమో అరవై సెకన్లకోసారి చూడమని పెట్టాను. చూసిన ప్రతిసారీ తగ్గే ఉంది. మధ్యలో ఏమైందో దానికి తెలీదు. వేడి చాలదు, పెంచండని రాద్దామనుకున్నాను కూడా!"

"పడుకునేది పసిపిల్లలే తల్లీ!" తల్లి కేకేసింది.

"ఏడేసి సెకన్లకి చూడమనండి" అన్నాడతను.

"ఏడెందుకండీ? ఏడు తర్వాత పద్నాలుగు. పన్నెండో సెకనుకి వేడి తగ్గే సంగతి మధ్యలో జారిపోదూ? రెండేసి సెకన్లు పెడతాను. పన్నెండో సెకనూ, అరవయ్యో సెకనూ కచ్చితంగా తగులుతాయి."

"అంటే ముప్పై రెట్లు పని. పరుపంతా వదిలేసి పలక ఒక్కటే లెక్క కట్టినా సాయంత్రమైపోతుందేమో."

"మీకేమైనా తొందరా?"

"అబ్బే!" అన్నాడు చాలా తొందరగా.

తల్లికి కూడా ఒక ఆలోచన వచ్చింది. ఈసారి గడియారం కోసం చూడలేదు. మూడుంబావుకి వెళ్లింది. అమ్మాయి పడీపడీ నవ్వుతోంది. అతను బాసులా నడిచి చూపిస్తున్నాడు. నాలుగున్నరకి వెళ్లింది. బయట వాన. అమ్మాయి అతని వేలికి కొత్త ప్లాస్టర్ అంటిస్తోంది.

"ఇది మానిపోతే ఏ వంకతో వస్తారు?"

"ఇంకా తొమ్మిది వేళ్లున్నాయి కదండీ."

తలుపు పక్కన తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వాగలేదు మరి.

ఆరవుతుండగా అంకె వచ్చింది. అరవై రెండు. అతని మీటరు చెప్పింది అరవై మూడు. ఒక్క డిగ్రీయే తేడా! ఇద్దరూ గంతేశారు.

అతను తల్లి దగ్గరికి వచ్చాడు. "పని అయిపోయింది ఆంటీ. కానీ రేపు కూడా రావాలనుంది. మీ అమ్మాయి కోసం. మీరు సరేనంటేనే."

"ముందు నాకు చెప్పాలి కదా!" వెనకనుంచి కూతురు.

"మూడు రోజులుగా గంటకి యాభై అయిదు నిమిషాలు చెబుతూనే ఉన్నాను. వినబడలేదా?"

"వినబడింది" అంది కూతురు నేలచూపులు చూస్తూ. "లోలకులు చూళ్లేదా మీరు?"

తల్లి కాసేపు లెక్క వేసుకుంది. "గంటకి అయిదు నిమిషాలేనా కొట్లాట?"

"అంతే ఆంటీ."

"మీ మావయ్యగారితో నా కొట్లాటకంటే నయమే. రేపు రా బాబూ."

మావయ్యగారు! అతని మొహం వెలిగిపోయింది.

గడియారం ఆరు కొట్టింది. ఒక్కో సెకనుతో ఇంకోసారి సరిచూడాలని అమ్మాయి, అక్కర్లేదని అతను. లోపల మళ్లీ యుద్ధం మొదలైంది.

తల్లి కదల్లేదు. నింపాదిగా అయిదు నిమిషాలు ఆగి, మూడు కప్పుల టీ పట్టుకుని లేచింది.