ఎర్ర పట్టీకి జవాబు

మెమేదా పెద్దమ్మ గూఢచారి పని అప్పగించేటప్పుడు కూడా మొక్కజొన్న వలవడం ఆపలేదు. తాబేలు వంశానికి పెద్ద ఆమె. అమెరికా ఆదివాసులైన లెనాపే జాతిలో ఎవడు నాయకుడు కావాలన్నా ఆమె ఒప్పుకోవాల్సిందే.

"ఫ్రెంచివాడు ఒహాయో నది ఒడ్డున సీసం పలకలు పాతుతున్నాడు, ఈ నేల వాళ్ల రాజుదంట. ఇంగ్లీషువాడు గొలుసులు పట్టుకుని కొలుస్తున్నాడు. ఇద్దరికీ సిగ్గులేదు," అంది. "రేపు మన మీద పెద్దరికం చేసే ఆరు జాతుల కూటమి పేరు చెప్పుకుని ఒక దూత వస్తున్నాడు. ఫ్రెంచి కోట మీద పడమని ఎర్రరంగు పూసిన శంఖుపూసల పట్టీ తెస్తున్నాడు. వాడు నిజమైనవాడో కాదో తేల్చుకు రారా."

ఆమె గూఢచారి వాపలానే తలూపాడు. సభ ఆ పట్టీ అందుకుంటే యుద్ధానికి మొదటి పడవలో వెళ్లేది అతని తమ్ముడు ఆయాపే. వాడు అప్పుడే గొడ్డలి నూరుకుంటున్నాడు.

ఆ మధ్యాహ్నం ఒక తాగుబోతు దుప్పటి మీద రమ్ము ఒలకబోసుకుని నది మలుపులోని దుకాణంలోకి తూలుతూ వెళ్లాడు. అక్కడి తెల్లవాళ్లు ముక్కు మూసుకున్నారు. తాగిన లెనాపేవాణ్ణి వాళ్లు ఎప్పుడూ అనుమానించరు, అదీ వాళ్ల తెలివి. దుకాణం యజమానురాలు మదలేన్, మాంట్రియల్ నుంచి వచ్చిన వితంతువు. ఎర్ర పట్టు గౌను, చెవులకు వెండి, రెండు రాజ్యాలకూ గూఢచారి.

"ఈ ఏడాది బీవర్ తోళ్లు పలచన," అన్నాడు వాపలానే.

"చలి ఇంకా ముదరలేదుగా," అని గుర్తుమాటకు బదులు చెప్పి, ఆమె ఒక ఉత్తరం చదివి వినిపించింది. అది ఇంగ్లీషువాళ్ల భూమి కంపెనీ ఏజెంటు హార్‌గ్రీవ్ రాసింది. రాబోయే దూత నిజానికి అతని దుబాసీ కోల్. లెనాపే కుర్రాళ్లు కోట మీద పడతారు, ఫ్రెంచివాళ్లు కాలుస్తారు, ఇంగ్లీషు రాజుకు యుద్ధానికి సాకు దొరుకుతుంది. ఆ తర్వాత నేల కంపెనీది.

ఫ్రెంచివాళ్లకు ఇది చెప్పలేదా అని అతను అడిగాడు.

"నకలు అమ్మేశానయ్యా. చదువుకుని నవ్వారు. వాళ్లకూ సాకే కావాలి."

చచ్చేది ఎవరి బిడ్డలో ఇద్దరిలో ఒక్కడూ పట్టించుకోలేదు. వాపలానేకు ఒళ్లు మండిపోయింది. ఉత్తరాన్ని మందుగుండు పోసుకునే కొమ్ముకున్న దొంగ అడుగులో దాచుకుని బయలుదేరాడు.

మర్నాడు అతను సభకు చేరేసరికి దూత మాట్లాడటం ముగించాడు. ముఖాన పచ్చబొట్లు, నోట తేనెలాంటి భాష. పదేళ్లు ఇక్కడి దుకాణాల్లో బేరాలకు మాట్లాడినవాడు మరి. ఎర్ర పట్టీ నిప్పు పక్కన చాప మీద ఉంది. నాయకుడు దానివైపే కన్నార్పకుండా చూస్తున్నాడు.

వాపలానే పెద్దమ్మ వెనక కూర్చుని ఉత్తరం చూపించాడు. ఆమె దాన్ని ముట్టుకోనైనా లేదు.

"తెల్లవాళ్ల కాగితం నమ్మేగా మన పాత నది ఒడ్డు పోగొట్టుకున్నాం. ఇంకేమైనా ఉందా?"

చేతిలో ఇంకేమీ లేదు. ఎదురుగా ఆయాపే, ముఖమంతా యుద్ధపు ఎర్రరంగు. అప్పుడు ఒక ఉపాయం తట్టింది వాపలానేకు. ఆమె చెవిలో ఒక్క మాట ఊదాడు.

పెద్దమ్మ లేచింది. "పట్టీ తీసుకుంటున్నాం," అంది. "ఇప్పుడే. ఇదే మా జవాబు."

నాయకుడు బిత్తరపోయాడు. ఈ నదుల మీద ఏ సభా అడిగిన రోజే జవాబు చెప్పదు. పట్టీ తెచ్చిన మాట విని, ఒక రాత్రి నిద్రచేసి ఆలోచించాలి. అదే రోజు ఒప్పుకుంటే మీ మాటకు ఆలోచించేపాటి విలువ కూడా లేదని దూత ముఖం మీద ఉమ్మినట్టే. అసలు దూత అయితే పట్టీ చుట్టుకుని, పలకరించకుండా వెళ్లిపోయేవాడు.

కోల్ ముఖం వెలిగిపోయింది. "మంచిది తల్లీ. సాయంత్రానికల్లా మందుగుండు పంపిస్తాం."

వాడు అసలు దూత కాడని అందరికీ తెలిసిపోయింది. ఆయాపే తలవంచుకుని ముఖం మీది రంగు మోచేత్తో తుడుచుకున్నాడు. పెద్దమ్మ చేతికర్రతో పట్టీని గుమ్మం బయటకు నెట్టేసింది.

కుర్రాళ్లు కోల్ చేతులు వెనక్కి విరిచి కట్టారు. వాడి తేనె భాష ఎండిపోయింది.

"నన్ను చంపేస్తారా?"

పెద్దమ్మ మళ్లీ మొక్కజొన్న దగ్గర కూర్చుంది.

"ఇవాళ అడిగావు కదా నాయనా, రేపు చెబుతాం. తిని పడుకో."